జీజే 1214 బి ట్రాన్సిట్: 8 అంగుళాల టెలిస్కోప్‌తో కర్వ్ ఏటవాలుగా వస్తోంది, లోతు కనబడట్లేదు

నిశాచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒఫియూకస్ నక్షత్రమండలంలో జీజే 1214 అనే ఎర్ర మరుగుజ్జు (చిన్న, చల్లని నక్షత్రం) ఉంది కదా, దాని గ్రహం జీజే 1214 బి నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు (దీన్నే ట్రాన్సిట్ అంటారు) వెలుగు తగ్గడాన్ని పట్టుకోవాలన్నది ఉద్దేశం. వివరాలన్నీ ఇస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పగలరు.

టెలిస్కోప్ 8 అంగుళాల న్యూటోనియన్, ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. కెమెరా కూలింగ్ ఉన్న మోనో సీమాస్, పిక్సెల్ 3.76 మైక్రాన్లు, బిన్నింగ్ లేదు. ల్యూమినెన్స్ ఫిల్టర్, 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు, గైడింగ్ ఆన్. అంచనా సమయానికి 40 నిమిషాల ముందు మొదలు, ముగిశాక మరో 30 నిమిషాలు. ఎయిర్‌మాస్ (వెలుగు దాటివచ్చే గాలి మందం, నడినెత్తిన 1) 1.2 నుంచి 1.8కి వెళ్లింది. వెలుగు కొలిచే సాఫ్ట్‌వేర్ ఆస్ట్రోఇమేజ్‌జేలో, ఫ్రేమ్‌లో బాగా వెలుగున్న మూడు నక్షత్రాలను కంపారిజన్‌గా (లక్ష్యంతో పోల్చడానికి) పెట్టాను.

వచ్చిందేమిటంటే, నక్షత్రం పడమటికి వాలేకొద్దీ కర్వ్ (సమయంతో వెలుగు ఎలా మారిందో చూపే గీత) పైకి లేస్తూ పోయింది. మొత్తం మీద 4 శాతం దాకా పెరిగింది. పాయింట్ల చెదురు 1 శాతం పైనే. అందులో 1.4 శాతం లోతు ఎక్కడుందో తెలియడం లేదు.

ఇంకో సందేహం. ఇది 48 కాంతి సంవత్సరాల దూరం. ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాలే కదా, నక్షత్రమూ దీనికన్నా వెలుగుగా కనిపిస్తుంది. దాని గ్రహాన్నే ప్రయత్నించవచ్చా?

కాంతివక్రం

ముందు ప్రాక్సిమా సంగతి చెప్పేస్తాను. ప్రాక్సిమా బి 2016లో బయటపడింది రేడియల్ వెలాసిటీ పద్ధతిలో, అంటే గ్రహం లాగుడుకు నక్షత్రం ముందుకూ వెనక్కీ ఊగే వేగాన్ని వర్ణపటంలో కొలిచి. ఆ ఊపు సెకనుకు 1.4 మీటర్ల చొప్పున ఉంటుంది. మనిషి నడక వేగమన్నమాట. దాన్ని కొలవాలంటే హార్ప్స్ లాంటి స్పెక్ట్రోగ్రాఫ్ కావాలి, ఇంటి టెలిస్కోప్ పని కాదు. మరి ట్రాన్సిట్ అంటారా, కక్ష్య మన చూపుకు సరిగ్గా అంచు మీద ఉంటేనే గ్రహం నక్షత్రం ముందుకొస్తుంది. ప్రాక్సిమా వ్యాసార్ధం సూర్యుడిలో 0.154 వంతు, గ్రహం దూరం 0.0485 ఖగోళ ప్రమాణాలు (భూమి నుంచి సూర్యుడి దూరం 1). ఈ రెండింటి నిష్పత్తే ట్రాన్సిట్ అవకాశం, అది 1.5 శాతం. స్పిట్జర్, టెస్ అనే అంతరిక్ష టెలిస్కోపులు రెండూ వెతికాయి, దాటుడు కనబడలేదు. బర్నార్డ్ నక్షత్రం కూడా ఒఫియూకస్‌లోనే ఉంది, దాని గ్రహాలదీ ఇదే కథ. అన్నీ వెలాసిటీలో దొరికినవే. దగ్గరగా ఉండడం ఒక్కటే చాలదు, మన వైపు తిరిగిన కక్ష్య కావాలి. ఆ లెక్కన మీరు ఎంచుకున్నది చిన్న టెలిస్కోప్‌కు అందే మంచి లక్ష్యమే.

ఇప్పుడు అసలు విషయం. మీ గైడింగ్‌లోనో ఆస్ట్రోఇమేజ్‌జే సెట్టింగుల్లోనో తప్పు వెతకకండి. ముందు ఫిల్టర్ మార్చండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ దాని దగ్గరే మొదలవుతున్నాయి.

జీజే 1214 ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 3250 కెల్విన్. ఆ లెక్కన దాని వెలుగు శిఖరం 0.9 మైక్రాన్ల దగ్గర పడుతుంది, అంటే కంటికి కనబడని పరారుణంలో. వీ బ్యాండ్‌లో (ఆకుపచ్చ, పసుపు వెలుగు) 14.7 మ్యాగ్నిట్యూడ్ (అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) ఉన్న నక్షత్రం ఐ బ్యాండ్‌కి (ఎరుపు దాటాక వచ్చే పరారుణం) వచ్చేసరికి 11.5 దగ్గరికి, జే బ్యాండ్‌లో 9.75కి వస్తుంది. ల్యూమినెన్స్ ఫిల్టర్ 400 నుంచి 700 నానోమీటర్ల దాకా వదిలి, ఆ పైన కోసేస్తుంది. అంటే ఈ నక్షత్రం ఎక్కడ వెలుగిస్తుందో సరిగ్గా అక్కడ తలుపు మూసేస్తోంది. 800 దగ్గర సెన్సార్ సున్నితత్వం సగానికి పడిపోయినా సరే, ఐ బ్యాండ్‌లో మీకు ఇప్పటికన్నా ఎక్కువ ఎలక్ట్రాన్లు వస్తాయి. పైగా ఆకాశపు వెలుగు తగ్గుతుంది. చెదురు తగ్గడానికి ఇది బాగా సాయపడుతుంది.

ఏటవాలుకూ ఇదే కారణం. మీ కంపారిజన్లు వెలుగును బట్టి ఎంచారు కాబట్టి అవి సూర్యుడి లాంటివో అంతకన్నా తెల్లనివో అయ్యుంటాయి. ల్యూమినెన్స్ ఫిల్టర్‌లో వాటి వెలుగు 550 చుట్టూ, జీజే 1214 వెలుగు 650 దాటాక పోగుపడుతుంది. వాతావరణం నీలి వైపు వెలుగును ఎక్కువగా మింగుతుంది. నక్షత్రాలు వాలేకొద్దీ కంపారిజన్లు త్వరగా మసకబారతాయి, మీ ఎర్ర నక్షత్రం అంతగా మసకబారదు. రెండింటి నిష్పత్తి తీస్తే కర్వ్ పైకి లేస్తుంది. ఒక్కో ఎయిర్‌మాస్‌కు 0.06 లేదా 0.07 మ్యాగ్నిట్యూడ్ తేడా ఉన్నా, 0.6 ఎయిర్‌మాస్ మారితే 4 శాతం దాకా వచ్చేస్తుంది. మీరు చెప్పిన అంకె అదే. ట్రాన్సిట్ లోతు అందులో మూడో వంతు.

చేయాల్సింది:

స్లోన్ ఐ-ప్రైమ్ గానీ కజిన్స్ ఐ గానీ ఫోటోమెట్రిక్ ఫిల్టర్ పెట్టండి. న్యూటోనియన్ అద్దాలకు రంగు తేడా ఉండదు గానీ కోమా కరెక్టర్ ఉంటే ఫోకస్ కాస్త మారుతుంది, ఆ ఫిల్టర్‌తోనే మళ్లీ ఫోకస్ చేయండి. 60 సెకన్లే ఉంచండి. ఈ ట్రాన్సిట్‌లో గ్రహం నక్షత్రం అంచును దాటే దశ ఐదారు నిమిషాలే, రెండు నిమిషాలకు మించిన ఎక్స్‌పోజర్ పెడితే ఆ వాలు అరిగిపోతుంది.

కంపారిజన్లను గాయా కేటలాగ్‌లోని బీపీ మైనస్ ఆర్‌పీ రంగు (నీలి, ఎరుపు మ్యాగ్నిట్యూడ్ల తేడా, ఎక్కువైతే అంత ఎరుపు) చూసి ఎంచండి. జీజే 1214కి అది 3 పైన ఉంటుంది, అంత ఎర్రనివి ఫ్రేమ్‌లో దొరకవు. 1.5 దాటినవి నాలుగైదు దొరికితే చాలు. ఐ బ్యాండ్‌లో వాటి వెలుగు లక్ష్యానికి సమానంగానో ఒక మ్యాగ్నిట్యూడ్ ఎక్కువగానో ఉండాలి. వాటిలో ఒక్కోదాన్ని లక్ష్యంగా పెట్టి మిగతావాటితో కర్వ్ గీసి చూడండి. వంకర తిరిగినదాన్ని తీసేయండి, అది వేరియబుల్ కావచ్చు. వెలుగైనదాని శిఖరం 65535లో 40000 దాటకుండా చూసుకోండి.

ధ్రువరేఖ

కాంతివక్రం గారు చెప్పిన దాంట్లో తేడా లేదు. ఒకటి మాత్రం కలపాలి, ఎందుకంటే ఇది చదివి చాలామంది "అయితే 700 పైన అంతా వదిలే లాంగ్‌పాస్ ఫిల్టర్ పెడితే ఇంకా మంచిది కదా" అనుకుంటారు. ఫోటాన్ల లెక్కలో అది నిజమే. గ్రహాల ఫోటోలకు వాడే 685 లేదా 742 నానోమీటర్ల ఐఆర్ పాస్ ఫిల్టర్ చవకగా దొరుకుతుంది, వెలుగూ ఎక్కువ వస్తుంది. చిక్కు నీటి ఆవిరితో.

930 నుంచి 970 నానోమీటర్ల దగ్గర వాతావరణంలోని నీటి ఆవిరి బలంగా పీల్చుకుంటుంది. ఎర్ర మరుగుజ్జు వెలుగులో ఆ భాగం వాటా పెద్దది, కంపారిజన్లలో చిన్నది. ఆవిరి రాత్రి మధ్యలో మారితే ఎయిర్‌మాస్ మారకపోయినా నిష్పత్తి మారిపోతుంది. ఎయిర్‌మాస్ ఏటవాలునైతే గీత గీసి సరిచేయవచ్చు, ఆవిరిది ఎప్పుడు ఎటు పోతుందో తెలియదు. ఈ గ్రహాన్ని 2009లో కనిపెట్టిన మెర్త్ ప్రాజెక్ట్ ఆరిజోనాలోని మౌంట్ హాప్కిన్స్ మీద ఎనిమిది 40 సెంటీమీటర్ల టెలిస్కోపులతో నడిచింది. వాళ్లు 715 నానోమీటర్ల లాంగ్‌పాస్ వాడారు, సరిగ్గా ఈ సమస్యే ఎదురైంది. వాళ్లకు ఒక్క రాత్రిలో ఎన్నో ఎర్ర మరుగుజ్జులు కొలిచే వీలుంది, అన్నింటిలో ఒకేలా కనిపించే ఊపును లెక్కకట్టి తీసేశారు. ఒక్క టెలిస్కోప్ ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. ఐ-ప్రైమ్ 850 లోపే ఆగుతుంది, ఆ పట్టీకి ముందే. అందుకే కొన్ని ఫోటాన్లు పోయినా ఐ-ప్రైమ్‌కే నా ఓటు. మబ్బు లేకపోయినా గాలిలో తేమ బాగా ఉండే రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆర్ బ్యాండ్‌లో తీయాలన్నా తప్పు లేదు, కాకపోతే ఫోటాన్లు బాగా తగ్గుతాయి, నక్షత్రం మీద మంట (ఫ్లేర్, వెలుగు ఒక్కసారిగా ఎగసిపడడం) వస్తే అక్కడ మరింత పెద్దదిగా కనబడుతుంది.

ఫ్లాట్స్ (సమానమైన వెలుగు మీద తీసి, సెన్సార్ హెచ్చుతగ్గులను సరిచేసే ఫ్రేములు) గురించి రెండు మాటలు. ఐ ఫిల్టర్‌తోనే ఫ్లాట్స్ తీయాలి, ల్యూమినెన్స్ ఫ్లాట్స్ పనికిరావు. దుమ్ము మచ్చలు ఫిల్టర్ మీదవి కాబట్టి ఫిల్టర్ మారితే మచ్చలూ మారతాయి. తక్కువలో తక్కువ 30 ఫ్రేములు, సెన్సార్ సగం నిండేలా. మీకు కావాల్సిన కచ్చితత్వం శాతంలో పదో వంతు, ఫ్లాట్ బలహీనంగా ఉంటే నక్షత్రం పిక్సెల్ పిక్సెల్ జరిగినప్పుడల్లా ఆ లోపం కర్వ్‌లోకి వస్తుంది. అందుకే గైడింగ్ ఉన్నా సరే రాత్రంతా నక్షత్రం రెండు మూడు పిక్సెళ్లలోపే ఉండేలా చూడాలి. గైడ్ స్కోప్ విడిగా ఉంటే అది వంగి మెల్లగా జరుగుతుంది, ఆఫ్ యాక్సిస్ గైడర్ ఉంటే మేలు.

ఇంకోటి, జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్ అయితే మెరిడియన్ ఫ్లిప్ (నక్షత్రం ఉత్తర దక్షిణ రేఖ దాటాక టెలిస్కోప్‌ను అవతలి వైపుకు తిప్పడం) ట్రాన్సిట్ మధ్యలో పడకూడదు. ఫ్లిప్ తర్వాత నక్షత్రం సెన్సార్‌లో అవతలి మూలకు పోతుంది, కర్వ్‌లో మెట్టు పడుతుంది. ఆ మెట్టు సరిగ్గా ట్రాన్సిట్ అంత లోతు ఉంటే ఏది ఏదో చెప్పలేరు. ఫ్లిప్ గనక తప్పకపోతే ట్రాన్సిట్‌కు ముందటి బేస్‌లైన్‌లోనే (ట్రాన్సిట్ బయటి భాగం) కానిచ్చేయండి.

నిశాచర్

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఐ-ప్రైమ్ ఫిల్టర్ పెడతాను. ఇంకో రెండు అడగాలి. కేటలాగ్‌లో ఉన్న స్థానం టైప్ చేసి అపర్చర్ (వెలుగు కొలిచే వృత్తం) పెడితే అది ఖాళీ ఆకాశం మీద పడుతోంది, ప్లేట్ సాల్వ్ (ఫ్రేమ్ ఆకాశంలో ఎక్కడిదో లెక్కకట్టడం) సరిగానే అయింది. చేత్తో జరిపి పెట్టాల్సి వచ్చింది, అది సరైన నక్షత్రమేనా? రెండోది, సమయం యూటీసీలో పెడితే సరిపోతుందా?

లెక్కల మాస్టారు

మీ ప్లేట్ సాల్వ్ తప్పు కాదు, నక్షత్రమే జరిగింది. జీజే 1214 ఏడాదికి 0.95 ఆర్క్ సెకన్లు ఆకాశంలో ఆగ్నేయంగా కదులుతుంది: తూర్పుకు 0.58, దక్షిణానికి 0.75. కేటలాగ్‌లో ఉన్నది 2000 నాటి స్థానం అయితే పాతికేళ్లలో అది 24 ఆర్క్ సెకన్ల అవతల ఉంటుంది. మీ స్కేల్ పిక్సెల్‌కు 0.78 ఆర్క్ సెకన్లు, అంటే 30 పిక్సెళ్లు. ఆరేడు పిక్సెళ్ల అపర్చర్‌కు అది చాలా దూరం. ఇంకా ప్రమాదం ఏమిటంటే, సెంట్రాయిడ్ (అపర్చర్‌ను నక్షత్రం మధ్యకు దానంతట అదే జరిపే ఆప్షన్) ఆన్ చేసి ఉంటే అపర్చర్ దగ్గర్లో ఉన్న వేరే మసక నక్షత్రాన్ని పట్టుకుని నిక్షేపంగా రాత్రంతా దాన్నే కొలుస్తుంది. గాయా స్థానానికి ప్రాపర్ మోషన్ (ఈ ఏటేటి కదలిక) కలిపి మీరు తీసిన తేదీకి లెక్కకట్టి పెట్టండి. అక్కడున్న నక్షత్రం ఐ ఫిల్టర్‌లో వెలుగ్గా, ఆకుపచ్చ ఫిల్టర్‌లో దాదాపు మాయమైతే అదే మీ నక్షత్రం. ఒక్కో ఫ్రేమ్ చాలు ఈ పరీక్షకు.

అపర్చర్ వ్యాసార్ధం నక్షత్రం ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎంకు (సగం వెలుగు దగ్గర చుక్క వెడల్పు) ఒకటిన్నర రెట్లు పెట్టండి. సీయింగ్ (గాలి కదలికకు చుక్క పరుచుకునే వెడల్పు) 3 ఆర్క్ సెకన్లు ఉంటే మీకు నాలుగు పిక్సెళ్లు, కాబట్టి ఆరు దగ్గర మొదలుపెట్టి ఐదు నుంచి పది దాకా మార్చి చూసి, ట్రాన్సిట్ బయటి చెదురు ఏది తక్కువిస్తే అది తీసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ వలయంలో నక్షత్రాలను తీసేసే ఆప్షన్ టిక్ చేయండి. డీఫోకస్ చేయమని అందరూ చెబుతారు, అది వెలుగైన నక్షత్రాలకు. 11.5 మ్యాగ్నిట్యూడ్‌కు అవసరం లేదు, చేస్తే ఆకాశపు వెలుగును అనవసరంగా కలుపుకున్నట్టే.

సమయం. యూటీసీ సరిపోదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒకే ట్రాన్సిట్ వెలుగు మనకు ఒక నెలలో ముందు, ఇంకో నెలలో వెనక అందుతుంది. అందుకే అందరూ సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి మార్చిన బీజేడీ టీడీబీ అనే కాలమానంలో రాస్తారు. ఈ నక్షత్రం సూర్యుడికి ఎదురుగా వచ్చేది జూన్ మొదటి పక్షంలో, అప్పుడు ఆ దిద్దుబాటు దాదాపు 7.3 నిమిషాలు. టీడీబీకి యూటీసీకి మధ్య 69 సెకన్లు అదనం. మొత్తం ఎనిమిదిన్నర నిమిషాలు. యూటీసీలో వదిలేస్తే మీ ట్రాన్సిట్ అంచనాకన్నా ఎనిమిదిన్నర నిమిషాలు ముందొచ్చినట్టు కనబడుతుంది, గ్రహం పీరియడ్ మారిందనుకుంటారు. ఆస్ట్రోఇమేజ్‌జేలో మీ అక్షాంశ రేఖాంశాలు, నక్షత్ర స్థానం ఇస్తే అదే మారుస్తుంది. ఫిట్స్ ఫైల్ హెడర్‌లో ఉన్న సమయం ఎక్స్‌పోజర్ మొదలా మధ్యనా చూసుకోండి. 60 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అదే 30 సెకన్ల తేడా. కంప్యూటర్ గడియారాన్ని ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ సమయం) సరిచేసి మొదలుపెట్టండి.

తేదీల లెక్క కూడా చెబుతాను, ప్లానింగ్‌కి పనికొస్తుంది. పీరియడ్ 1.580404 రోజులు, అంటే 37 గంటల 55 నిమిషాల 47 సెకన్లు. ఒకటి అర్ధరాత్రి పడితే దాని తర్వాతది మధ్యాహ్నం పడుతుంది, పోయినట్టే. అయితే 12 పరిభ్రమణాలు కలిస్తే 19 రోజులకు 51 నిమిషాలు తక్కువ. ఆ 19 రోజుల్లో నక్షత్రం ఉదయించడం కూడా 75 నిమిషాలు ముందుకొస్తుంది. కాబట్టి ఒక మంచి ట్రాన్సిట్ దొరికితే, 19 రోజుల తర్వాత వచ్చేది ఆకాశంలో దాదాపు అదే ఎత్తులో, 24 నిమిషాలు పడమటికి జరిగి దొరుకుతుంది. ఒకే రకం ఎయిర్‌మాస్‌లో రెండు మూడు ట్రాన్సిట్లు పోల్చాలంటే ఇది చక్కటి వరుస. తేదీలు చేత్తో కట్టక్కర్లేదు, నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లోని ట్రాన్సిట్ సర్వీసు మీ ప్రదేశానికి జాబితా ఇస్తుంది. మెరిడియన్‌కు అటూ ఇటూగా ఎయిర్‌మాస్ 1.5 దాటనివే ఎంచుకోండి. ట్రాన్సిట్ 52 నిమిషాలు, ముందూ వెనకా గంట గంట బేస్‌లైన్. మీరు తీసిన 40, 30 చాలవు. వాలు ఎంతో చెప్పేది బేస్‌లైనే, అది పొట్టిగా ఉంటే వాలు గీత ట్రాన్సిట్‌ను కూడా మింగేస్తుంది.

కాంతివక్రం

ఫిట్టింగ్ (పాయింట్లకు ట్రాన్సిట్ నమూనాను సరిపెట్టడం) భాగం మిగిలిపోయింది, అది కూడా రాస్తాను.

ఆస్ట్రోఇమేజ్‌జే ఫిట్‌లో పీరియడ్ 1.5804 దగ్గర కట్టేయండి. మొదటి విలువలుగా కక్ష్య వ్యాసార్ధం బై నక్షత్ర వ్యాసార్ధం 15, వాలు 89 డిగ్రీలకు కాస్త లోపు, గ్రహం బై నక్షత్ర వ్యాసార్ధం 0.116 ఇవ్వండి. లింబ్ డార్కెనింగ్ (నక్షత్రం అంచు మసకగా కనబడడం) గుణకాలు 3250 కెల్విన్, లాగ్ జీ (ఉపరితల గురుత్వం) 5, మీరు వాడిన ఫిల్టర్‌కు టేబుల్ నుంచి తీసి స్థిరంగా ఉంచండి. వాటిని వదిలేస్తే ఇంత చెదురులో అవి ఎటుపడితే అటు పోతాయి.

డీట్రెండ్‌కు (ఏటవాలును తీసేయడానికి) ఎయిర్‌మాస్ ఒక్కటి పెట్టి చూడండి. తర్వాత ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం, ఎక్స్, వై, ఆకాశపు వెలుగు ఒక్కొక్కటిగా కలిపి బీఐసీ (అదనపు అంశం నిజంగా అవసరమా అని తూచే అంకె) చూడండి. 2 కన్నా ఎక్కువ తగ్గితేనే ఉంచండి. నాలుగైదు కలిపితే కర్వ్ అందంగా వస్తుంది, కానీ లోతు నిజం కాదు. ఎక్స్, వైలలో ఏదైనా ట్రాన్సిట్ సమయంలోనే వంగి ఉంటే దాన్ని అసలు వాడకండి.

ఏం రావాలో లెక్క: 8 అంగుళాలకు ఐ బ్యాండ్‌లో 60 సెకన్లకు ఫోటాన్ చెదురు 0.4 శాతం లోపు, వాతావరణం మిణుకు 0.2 శాతం దాకా, కంపారిజన్లూ ఆకాశమూ కలుపుకుంటే పాయింట్‌కు 0.5 శాతం. లోపల 50 పాయింట్లు పడతాయి. అంటే 1.36 శాతం లోతును 0.1 శాతం కచ్చితత్వంతో పట్టుకోవచ్చు, మధ్య సమయం నిమిషంలోపు తేలుతుంది. నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడిలో 0.215. లోతు వర్గమూలం 0.1165ను దాంతో గుణించి, సూర్యుడు భూమికి 109 రెట్లు కాబట్టి 109తో గుణిస్తే 2.7 భూ వ్యాసార్ధాలు వస్తుంది. మీ తప్పు 0.1 శాతమైతే గ్రహం సైజులో తప్పు 0.1 భూ వ్యాసార్ధం. ఇంటి టెలిస్కోప్‌తో ఇంకో లోకం సైజు ఇంత దగ్గరగా తేలడం నిజంగా గొప్ప విషయం, అందుకే ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నాం.

ఫిట్ అయ్యాక మిగిలిన తేడాలను ఐదేసి పాయింట్లుగా సగటు తీసి చూడండి. చెదురు 2.2 రెట్లు తగ్గాలి. తగ్గకపోతే పాయింట్లు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయన్నమాట, ఫిట్ చూపించే తప్పు అంకెను నమ్మవద్దు.

ఇంకో పరీక్ష కూడా ఉంది, ఈ గ్రహానికే ప్రత్యేకం. 2014లో హబుల్ కొలతల్లో దీని వర్ణపటం చదునుగా వచ్చింది, పైన దట్టమైన మబ్బో పొగమంచో కప్పేసింది కాబట్టి. అంటే ఏ రంగులో చూసినా లోతు మన పరికరాలకు ఒకటే. ఆర్ బ్యాండ్‌లో ఒకసారి, ఐ బ్యాండ్‌లో ఒకసారి తీసి లోతులో 0.3 శాతం తేడా వస్తే గ్రహం వాతావరణం దొరికిందనుకోవద్దు. కంపారిజన్ రంగు గానీ డీట్రెండ్ గానీ చూసుకోండి. నక్షత్రం మీద మచ్చలున్న మాట నిజమే, దాని తిరుగుడు 125 రోజుల దగ్గర. ట్రాన్సిట్ మధ్యలో గ్రహం మచ్చను దాటితే చిన్న గుబ్బ పడుతుంది, కానీ అది మీ చెదురులో కలిసిపోయేంత చిన్నది. మంట అయితే గుర్తుపట్టడం తేలిక: నిటారుగా లేచి మెల్లగా దిగుతుంది. ఆ పాయింట్లు తీసేసి, ఏవి ఎందుకు తీశారో నోట్స్‌లో రాసి పెట్టండి.

పాత డేటా పారేయకండి. ఎర్ర కంపారిజన్లు మార్చి, సరైన స్థానంలో అపర్చర్ పెట్టి మళ్లీ కొలిచి చూడండి. ల్యూమినెన్స్‌తోనైనా ఏటవాలు 4 శాతం నుంచి తగ్గితే రంగే కారణమని తేలిపోతుంది. కొత్త కర్వ్ వచ్చాక దాంతో పాటు ఎయిర్‌మాస్, ఎక్స్, వై, ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం కాలమ్స్ ఉన్న టేబుల్ కూడా ఇక్కడ పెట్టండి. బొమ్మ ఒక్కటి పెడితే ఏమీ చెప్పలేం.